స్కానర్ కొనకముందు అటక మీది స్లైడ్లతో ఏం చేయాలి

"నాన్నగారి స్లైడ్లు రెండు డబ్బాల నిండా ఉన్నాయండీ, ఏ స్కానర్ కొనమంటారు?" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. నేను బ్యాంకులో చేసి రిటైరై హైదరాబాద్ చిక్కడపల్లిలో ఉంటున్నాను. ఉద్యోగంలో ఉండగా ఎల్‌టీసీ (బ్యాంకు ఇచ్చే ప్రయాణ ఖర్చు) వచ్చిన ప్రతిసారీ ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని ఏదో ఒక దిక్కుకు బయల్దేరేవాణ్ణి. ప్రింట్లు వేయించుకునే రీళ్ళకు బదులు స్లైడ్ రీళ్ళు వాడేవాణ్ణి. అందుకని చుట్టాల్లో, పాత కొలీగుల్లో ఎవరింట్లో స్లైడ్లు బయటపడ్డా ఫోన్ నాకే వస్తుంది. అందరికీ ఒకటే చెబుతాను: ఇప్పుడే ఏమీ కొనకండి. స్కానింగ్ ఆఖరి పని. అంతకుముందు వాటిని చూడాలి, ఏరాలి, ఎక్కడివో ఎప్పటివో రాసిపెట్టుకోవాలి. ఇవేవీ చేయకుండా డబ్బాలకు డబ్బాలు షాపులో ఇచ్చేసి, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆ పెన్‌డ్రైవ్ మళ్ళీ ఎవరూ తెరవలేదు.

స్లైడ్ చూడని పిల్లల కోసం ఒక్క ముక్క. నెగెటివ్‌లో రంగులు తారుమారుగా ఉంటాయి, ప్రింట్ వేస్తే గానీ బొమ్మ తెలియదు. స్లైడ్ రీలు కడిగితే ఫిల్మ్ మీదే అసలు రంగులు వస్తాయి. 24 మిల్లీమీటర్లు ఎత్తు, 36 మిల్లీమీటర్లు వెడల్పు ఉండే ఆ ముక్కను రెండంగుళాల అట్ట చట్రంలోనో ప్లాస్టిక్ చట్రంలోనో బిగిస్తారు. దాన్నే మౌంట్ అంటాం. అంటే మీరు చేత్తో పట్టుకున్నది ఆ రోజు కోణార్క్ ఎండలో కెమెరా లోపల ఉన్న ఫిల్మే. దానికి వేరే నెగెటివ్ లేదు. పాడైతే ఇక అంతే.

ముందు అటక మీంచి దించండి

మన ఊళ్ళో స్లైడ్లకు అటకంత చెడ్డ చోటు లేదు. మే నెలలో పై అంతస్తు స్లాబు రాత్రి పదింటికి కూడా సెగ కక్కుతూనే ఉంటుంది, అటక దానికి జానెడు దూరంలో ఉంటుంది. ఆ వేడికి రంగులు వెలుస్తాయి. వానాకాలంలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే ఫంగస్ పడుతుంది. ఫిల్మ్ మీద బొమ్మ ఉండే పొర జెలటిన్‌తో చేసింది, ఫంగస్‌కు అది మంచి తిండి. కాబట్టి ఈ పని నవంబరు, డిసెంబరు నెలల్లో పెట్టుకోండి. గాలి పొడిగా ఉంటుంది, ఫ్యాన్ లేకుండా కూర్చోవచ్చు. ఫ్యాన్ సంగతి మళ్ళీ వస్తుంది.

డబ్బా మూత తీయగానే వాసన చూడండి. వెనిగర్ లాంటి పులుపు వాసన కొడితే ఫిల్మ్ తయారైన అసిటేటే చెడిపోతోందని అర్థం. దాని ఆవిరి పక్కవాటికీ చేటు చేస్తుంది. వాటిని అక్కడికక్కడే వేరు చేసి, కాపీ తీసే వరుసలో మొదట పెట్టండి. రబ్బరు బ్యాండ్లు ఉంటే విప్పేయండి. కలరా ఉండలు ఉంటే తీసి పారేయండి. పెద్దవాళ్ళు మంచి ఉద్దేశంతోనే వేసి ఉంటారు గానీ, ఆ ఆవిరి ఫిల్మ్‌కు పడదు.

ఏరడం

దీనికి లైట్ బాక్సు కొనక్కర్లేదు. పిల్లల ట్యాబ్‌లో ఖాళీ తెల్ల పేజీ తెరిచి, వెలుగు పూర్తిగా పెంచి, దాని మీద స్లైడ్లు పరిస్తే చాలు. దగ్గరగా చూడటానికి భూతద్దం లేకపోతే పాత కెమెరా 50 ఎంఎం లెన్స్ తీసి తిరగేసి కంటికి ఆనించుకోండి. చక్కగా పనిచేస్తుంది. ఫిల్మ్ మీద వేలు పెట్టకుండా మౌంట్ అంచులే పట్టుకోండి.

ఏవి ఉంచాలన్న దగ్గర నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. తాజ్ మహల్ నిండుగా, ఎదురుగా, మనుషులెవరూ లేకుండా తీసిన స్లైడ్ ఎంత బాగా వచ్చినా పక్కన పెట్టండి. అలాంటి బొమ్మలు ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి: ప్లాట్‌ఫాం మీద హోల్డాల్ పరిచి కూర్చున్న అమ్మమ్మ, కిటికీ పక్క స్టీలు క్యారియర్, చౌల్ట్రీ వరండాలో ఆరేసిన తువ్వాళ్ళు, గోదావరి లాంచీ రేకు పైన కూర్చున్న పిల్లలు. మేము కాచిగూడలో మీటర్‌గేజ్ బండెక్కి ఔరంగాబాద్ వెళ్ళి అజంతా చూసొచ్చాం. గుహల్లో ఫ్లాష్ వాడనివ్వరు. నా రీలు ఏఎస్ఏ 64, అంటే బాగా వెలుతురు కావాల్సిన రకం. లోపల తీసినవన్నీ దాదాపు చీకటే. ఆ రీల్లో మా ఇంట్లో అందరూ మళ్ళీ మళ్ళీ అడిగేది నాందేడ్ స్టేషన్‌లో మా ఆవిడ మరచెంబు పట్టుకుని నిలబడ్డ స్లైడ్. వెనక మీటర్‌గేజ్ పెట్టె, దాని కిటికీ చువ్వలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆ లైను ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది.

మూడు కుప్పలు చేయండి: తప్పక కాపీ తీయాల్సినవి, వీలైతే తీయాల్సినవి, ఉన్నచోటే ఉంచాల్సినవి. పారేసే కుప్ప వద్దు. ఎవరో తెలియని మొహాలున్న స్లైడ్‌ను మీ బాబాయి వచ్చి చూసి "ఇదుగో మా హెడ్మాస్టారు" అనవచ్చు.

ఎప్పటిది, ఎక్కడిది

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇదే, ఎక్కువ టైం పట్టేదీ ఇదే. ముందు మౌంట్ చూడండి. కొన్ని కోడక్ మౌంట్ల మీద నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. అది రీలు కడిగిన తేదీ. తీసింది అంతకు కొన్ని వారాల ముందు కావచ్చు, బద్ధకస్తుల ఇంట్లో ఏడాది ముందు కూడా కావచ్చు. మౌంట్ మీద ఈ-6 అని ఉంటే 1970ల రెండో సగం తర్వాతిది. స్లైడ్ రీళ్ళు కడిగే ఆ పద్ధతి అప్పుడే వచ్చింది.

తర్వాత బొమ్మలో ఏముందో చూడండి. హుస్సేన్ సాగర్ నీళ్ళ మధ్య బుద్ధుడు నిలబడి ఉంటే 1992 డిసెంబరు తర్వాత తీసింది. ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు ఉండి బుద్ధుడు లేకపోతే 1986కూ 1992కూ మధ్య. నౌబత్ పహాడ్ మీద తెల్ల పాలరాతి గుడి లేకపోతే బిర్లా మందిర్ కట్టకముందన్న మాట, ఆ గుడి 1976లో తెరిచారు. కన్యాకుమారిలో వివేకానంద శిల 1970 నుంచి ఉంది. పక్క రాతి మీద తిరువళ్ళువర్ విగ్రహం 2000 జనవరి 1న ఆవిష్కరించారు. మన ఇళ్ళలో కన్యాకుమారి స్లైడ్ లేనివాళ్ళు తక్కువ, కాబట్టి ఈ ఒక్క గుర్తు చాలామందికి పనికొస్తుంది. రాజమండ్రి రేవు నుంచి తీసినదాంట్లో రోడ్డు కమ్ రైలు వంతెన కనిపిస్తే 1974 తర్వాతిది. ఆర్చ్‌లు సగం లేచి ఉంటే 1990లు.

బోర్డులు చదవండి. స్టేషన్ బోర్డు మీద మద్రాస్ అని ఉంటే 1996లో పేరు మారకముందు తీసిందే. వీధిలో మారుతి 800 కనిపిస్తే 1983 డిసెంబరుకు ముందు కాదు. ఏపీ అన్న అక్షరాల తర్వాత జిల్లా అంకె ఉండే నంబరు ప్లేటు 1989లో మోటారు వాహనాల కొత్త చట్టం అమలయ్యాక వచ్చినది. అలంపురంలో సంగమేశ్వరాలయం ఊరి దగ్గరే కనిపిస్తే గుడి తరలించిన తర్వాత తీసినట్టు. అంతకుముందు అది కూడవెల్లిలో నది ఒడ్డున ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ కట్టారు. కూడవెల్లిలో ఉన్నప్పటి స్లైడ్ మీ ఇంట్లో దొరికితే దాన్ని మొట్టమొదట కాపీ తీయండి. ఆ చోటు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది.

వీటన్నిటికీ లొంగని స్లైడ్లు ఇంటి ఆడవాళ్ళకు లొంగుతాయి. మా అక్కయ్య చీర చూసి ఏడాది చెబుతుంది. "అది పెద్దాడి అన్నప్రాసనకు కొన్న వెంకటగిరి, అప్పటికి ఇంకా మడత నలగలేదు" అంటే ఆ ఏడాదో మరుసటి ఏడాదో అన్నట్టే. పిల్లాడికి గుండు ఉందా? తిరుపతి వెళ్ళొచ్చిన నెలలు లెక్కేయండి. మా ఆవిడకు ఊళ్ళ పేర్లు గుర్తుండవు, ఏ ఊళ్ళో ఏం తిన్నామో గుర్తుంటుంది. పూరీలో ఖాజాలు కొన్న రోజు వాన పడిందని ఆమె చెప్పాకే ఒక రీలు మొత్తం వరుస కుదిరింది. కాబట్టి ట్యాబ్ మీద పరిచిన స్లైడ్లను ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుని, టీవీలో పెద్దవిగా వేసి, పెద్దవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పెట్టండి. ప్రశ్నలు తక్కువ అడగండి. ఈ పనికి మాత్రం ఆలస్యం వద్దు. ఫిల్మ్ ఇంకో పదేళ్ళు ఆగుతుంది, చెప్పేవాళ్ళు ఆగుతారన్న నమ్మకం లేదు.

రాయడం మౌంట్ మీదే, మెత్తటి పెన్సిల్‌తో. బాల్‌పెన్ నొక్కితే అట్ట లోపలికి ముద్ర పడుతుంది, స్కెచ్ పెన్ సిరా పాకుతుంది. ముందు సంవత్సరం, తర్వాత ఊరు, ఆ తర్వాత అంకె: 1987-అజంతా-012. కంప్యూటర్‌లో ఫైలుకూ ఇదే పేరు పెడితే ఏ ఫైలు ఏ స్లైడ్‌దో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

దుమ్ము, ఫంగస్

నోటితో ఊదకండి, తుంపరలు పడతాయి. రబ్బరు బ్లోయర్‌తో రెండు వైపులా కొట్టి, మెత్తటి కుంచెతో మెల్లగా తుడవండి. చాలా స్లైడ్లకు ఇంతకుమించి అవసరం లేదు. వేలిముద్రలుంటే మెరిసే వైపు మాత్రం 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన లెన్స్ క్లాత్ కొసతో తీయవచ్చు. కొంచెం మసకగా, గీతలు తేలినట్టు కనిపించే వైపు బొమ్మ ఉన్న పొర. దాన్ని ముట్టుకోకండి.

సాలెగూడులా తెల్లటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. అప్పుడు నీళ్ళు, అద్దాలు తుడిచే ద్రావకాలు ఏవీ దగ్గరకు రానీయకండి. ఫంగస్ తిన్న చోట జెలటిన్ నీళ్ళలో కరిగే స్థితికి వచ్చి ఉంటుంది, తడి గుడ్డ పెడితే బొమ్మే లేచి వచ్చేస్తుంది. ఉన్నదున్నట్టు కాపీ తీసుకోండి. శుభ్రం చేయాలా వద్దా అన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.

కాపీ తీయడం

ఇప్పటికి మీ మొదటి కుప్పలో ఎన్ని మిగిలాయో లెక్క చూడండి. వందా నూటయాభై లోపైతే మంచి ల్యాబులో ఇచ్చేయడమే మేలు. ఇచ్చేటప్పుడు ఎంత రిజల్యూషన్ అని అడగండి. 2400 డీపీఐ (అంగుళానికి 2400 చుక్కలు) అంటే 36 మిల్లీమీటర్ల వెడల్పుకు దాదాపు 3400 పిక్సెళ్ళు. టీవీకీ చిన్న ప్రింటుకూ సరిపోతుంది. పెద్ద ప్రింట్లు వేసుకోవాలంటే 4000 అడగండి. దుమ్మును ఇన్‌ఫ్రారెడ్‌తో కనిపెట్టి చెరిపేసే సౌకర్యం కొన్ని స్కానర్లలో ఉంటుంది. మామూలు స్లైడ్ల మీద అది బాగా పనిచేస్తుంది, కోడక్ వారి కోడాక్రోమ్ రకం రీళ్ళ మీద తడబడుతుంది, వెండితో బొమ్మ కట్టే బ్లాక్ అండ్ వైట్ మీద అసలు పనికిరాదు. కోడాక్రోమ్ ఉంటే ఆ సంగతి ల్యాబువాళ్ళకు ముందే చెప్పండి.

నూటయాభై కన్నా ఎక్కువ స్లైడ్లు ఉండి, ఇంట్లో లెన్స్ మార్చగలిగే డిజిటల్ కెమెరా ఉంటే స్కానర్ అక్కర్లేదు. నేను చేసేది ఇలా. ట్రైపాడ్ మీద కెమెరాను కిందికి చూసేలా బిగిస్తాను. కింద ఎల్ఈడీ ప్యానెల్, దాని పైన రెండంగుళాల ఎత్తులో పాలరంగు అక్రిలిక్ ముక్క, దాని మీద స్లైడ్. ఎల్ఈడీ కొనేటప్పుడు సీఆర్ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95 పైన ఉన్నది అడగండి. కోఠి పక్కన ట్రూప్ బజార్‌లో లైట్ల దుకాణాలు వరుసగా ఉంటాయి, పెట్టె మీద ఆ అంకె చూసి కొనవచ్చు. అక్రిలిక్ ముక్క నేమ్‌బోర్డులు చేసే షాపులో కోసి ఇస్తారు. ట్యాబ్‌నే వెలుగుగా వాడతామంటే అక్రిలిక్ ఇంకా ముఖ్యం. లేకపోతే ట్యాబ్ తెర చుక్కలు బొమ్మలో పడతాయి. స్లైడ్ చుట్టూ మిగిలిన వెలుగును నల్ల అట్టతో మూసేయండి.

ఫుల్‌ఫ్రేమ్ (సెన్సర్ స్లైడంత ఉండే) కెమెరాకు బొమ్మను అసలు సైజులోనే, ఒకటికి ఒకటి తీసే మాక్రో లెన్స్ కావాలి. అంతకన్నా చిన్న ఏపీఎస్-సీ సెన్సర్ ఉన్నదైతే మూడింట రెండొంతుల సైజు చాలు. 50 ఎంఎం లెన్స్‌కు 33 మిల్లీమీటర్ల దాకా (లెన్స్‌ను కెమెరా నుంచి ముందుకు జరిపే) ఎక్స్‌టెన్షన్ ట్యూబులు తగిలిస్తే అది వచ్చేస్తుంది, ఖరీదైన మాక్రో కొనే పని తప్పుతుంది.

కెమెరా, స్లైడ్ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకబారుతుంది. దీనికి చిన్న ఉపాయం ఉంది. స్లైడ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టి వ్యూఫైండర్‌లో చూడండి. మీ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా నడిమధ్యన కనిపించేదాకా ట్రైపాడ్ సర్దండి. ఆ తర్వాత ట్రైపాడ్ జోలికి ఎవరినీ రానీయకండి. మా ఇంట్లో ఆ గదికి మనవళ్ళ రాక బంద్.

సెట్టింగులు: ఐఎస్‌ఓ 100, అపర్చర్ 8, రా ఫైలు (కెమెరా మార్పులేవీ చేయకుండా ఉంచే అసలు ఫైలు). షట్టర్ సెకనులో యాభయ్యో వంతు గానీ అంతకన్నా నెమ్మదిగా గానీ ఉంచండి, ఎల్ఈడీ మినుకు గీతలు పడవు. రెండు సెకన్ల టైమర్ వాడండి. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేయండి. ఫ్యాన్ తప్పక ఆపండి. అది దుమ్ము లేపుతుంది, ట్రైపాడ్‌ను ఊపుతుంది. అందుకే చలికాలం మంచిదన్నాను. స్లైడ్ పెట్టకుండా ఉత్త వెలుగును ఒకసారి తీసి దానితో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోండి. ఫోకస్ బొమ్మ మీద కాకుండా ఫిల్మ్ గింజల మీద పెట్టండి. లైవ్ వ్యూలో పెద్దది చేస్తే గింజలు కనిపిస్తాయి. తెల్లటి మబ్బులు, తెల్ల పంచెలు తేలిపోకుండా ఎక్స్‌పోజర్ చూసుకుని, నీడలు మరీ నల్లగా ఉంటే ఇంకొకటి ఎక్కువ వెలుగుతో తీసి ఉంచండి.

మెరిసే వైపు కెమెరాకు ఎదురుగా ఉంటే బొమ్మ సరిగా ఉంటుంది. అనుమానం వస్తే బోర్డుల మీది అక్షరాలు చూడండి. అక్షరాలు లేకపోతే పైట చూడండి. ఎడమ భుజం మీద ఉండాలి. కుడి భుజం మీద ఉంటే స్లైడ్ తిరగబడింది, లేదా ఆవిడ గుజరాతీ.

కోడక్‌దే మరో రీలు ఎక్టాక్రోమ్. దాని పాత స్లైడ్లు ఎర్రగా మారి కనిపిస్తే భయపడకండి. అవి చీకట్లో పెట్టినా వెలిసే రకం, అందులో నీలి ఛాయ రంగు ముందు పోతుంది. జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లెవెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా సర్దితే చాలావరకు వెనక్కి వస్తాయి. ఇది రా ఫైలుంటేనే బాగా కుదురుతుంది. కోడాక్రోమ్ సంగతి వేరు. చీకట్లో ఉంచినవి నేటికీ నిన్న తీసినట్టు ఉంటాయి. ఆ రీలు 1935లో వచ్చింది, 2009లో తయారీ ఆపేశారు, కడిగే ఆఖరి ల్యాబు అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్‌లో ఉండేది, 2010 చివర్లో అదీ ఆపేసింది.

మళ్ళీ ఎక్కడ పెట్టాలి

అటక మీదికి మాత్రం కాదు. హాల్లోనో పడకగదిలోనో లోపలి గోడకు ఆనించిన స్టీలు బీరువా, మధ్య అర. బాత్రూం గోడ పక్క వద్దు. పాలీప్రొపిలీన్ పేజీలు కొని జేబుల్లో సర్దండి. పీవీసీవి వద్దు. అందులోంచి వచ్చే రసాయనాలు ఫిల్మ్‌కు అంటుకుంటాయి. కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తే అది పీవీసీ అని గుర్తు. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ సంచులు వేయండి. నారింజ రంగువి కొనండి. నీలం వాటిలో కోబాల్ట్ ఉంటుంది, ఇంట్లో పిల్లలుంటే మంచిది కాదు. రంగు మారాక తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టి మళ్ళీ వాడవచ్చు. డబ్బాలో తేమ కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ ఒకటి ఉంచి వానాకాలంలో అప్పుడప్పుడూ చూడండి. 30కీ 50కీ మధ్య ఉంటే నిశ్చింత.

ఫైళ్ళు రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ అమ్మాయి ఇంట్లోనో తమ్ముడి ఇంట్లోనో ఉంచండి. వాట్సాప్‌లో పంపినదాన్ని కాపీ అనుకోకండి. అది బొమ్మను కుదించేస్తుంది.

ప్రొజెక్టర్ ఉంటే

కోడక్ స్లైడ్ ప్రొజెక్టర్ల తయారీ 2004లోనే ఆపేసింది. అయినా ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక్కోసారి పాతవి కనిపిస్తుంటాయి. గోడ మీద స్లైడ్ వేసి చూడటంలో ఉన్న అందం టీవీకి రాదు. ఆ మాట మీద నాకూ మా అబ్బాయికీ ఇంకా వాదన నడుస్తూనే ఉంది. ఒక్కో స్లైడ్‌ను నిమిషం మించి వెలుగులో ఉంచకండి. చీకట్లో అంత గట్టిగా నిలిచే కోడాక్రోమ్ ప్రొజెక్టర్ దీపం ముందు మిగతావాటికన్నా త్వరగా వెలుస్తుంది. స్లైడ్ నిటారుగా చూస్తున్నప్పుడు కింది ఎడమ మూల మౌంట్ మీద చుక్క పెట్టుకోండి. ట్రేలో తలకిందులుగా వేసేటప్పుడు ఆ చుక్క పై కుడి మూలకు, మీ వైపుకు రావాలి. దీపం ఆర్పాక ఫ్యాన్‌ను ఇంకొంచెం సేపు తిరగనివ్వండి. చుట్టాలకు చూపించేటప్పుడు నలభై దాటనివ్వకండి, పాటలు పెట్టకండి. పాట పెడితే పెద్దవాళ్ళు మాట్లాడటం మానేస్తారు.

ఇదంతా చేశాక కొత్త రీలు ఎక్కించాలని చేతులు దురద పెడితే ఎక్టాక్రోమ్ 2018లో మళ్ళీ వచ్చింది, ఈ100 పేరుతో దొరుకుతుంది. ముందు ఈ-6 కడిగే ల్యాబు ఏ ఊళ్ళో ఉందో, రీలు పంపితే తీసుకుంటారో లేదో ఫోన్ చేసి కనుక్కుని, ఆ తర్వాతే రీలు కొనండి. మన ఎండలో నడినెత్తిన సూర్యుడుంటే అపర్చర్ 16, షట్టర్ సెకనులో నూరో వంతు. వెలుతురు ఎక్కువైతే స్లైడ్ క్షమించదు కాబట్టి అనుమానం వచ్చినప్పుడు అర స్టాప్ వెలుగు తగ్గించండి. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు రీళ్ళను చెక్-ఇన్ బ్యాగులో వేయకుండా చేతి సంచిలో పారదర్శకమైన కవర్లో పెట్టుకుని, చేత్తో చూడమని అడగండి. ఒప్పుకోకపోతే అది పాత తరహా ఎక్స్‌రేనా, కొత్త సీటీ స్కానరా కనుక్కోండి. పాతదైతే వంద ఐఎస్‌ఓ రీలుకు ఏమీ కాదు. సీటీ అయితే మాత్రం ఒకసారి వెళ్ళినా ఫిల్మ్ మీద మసక పడే ప్రమాదం ఉంది, ఇంకోసారి బతిమాలండి.